గంజిలో మెతుకు లేదు

నా భార్య నాకు అన్నం పెట్టలేదు. బరువు తగ్గే ఆపరేషన్ అయిన పన్నెండో రోజున డాక్టర్లు నా కడుపులో చూసిన బియ్యపు గింజలు ఆమె చేతి మీదుగా వెళ్లినవి కావు. నంద్యాలలో మా బజారులోనూ, ఆళ్లగడ్డలో ఆమె పుట్టింటి వీధిలోనూ మూడు నెలలు ఇంకో మాట తిరిగింది. పథ్యంలో ఉన్న మొగుడికి మెతుకులున్న గంజి పోసి ప్రాణం మీదికి తెచ్చిందని. ఆ మాట పుట్టింది నా దగ్గరే. నోటితో అన్నది ఒక్క వాక్యం. మిగతాదంతా నోరు మూసుకుని చెప్పాను.

మాది బియ్యం అంగడి. మా నాయన పెట్టింది. నలభై తొమ్మిదేళ్లు వచ్చేసరికి నా బరువు నూట నలభై రెండు కిలోలు. ఆ సంగతి నాకు తెలిసింది ఆసుపత్రిలో కాదు. పక్క అంగళ్ల వాళ్లు పందెం వేసుకుని, పాతిక కిలోల బస్తాలు తూచే కాటా మీద నన్ను ఎక్కించారు. "ఆరు బస్తాలకు ఎనిమిది కిలోలు తక్కువప్పా ఈ శెట్టి" అని ఒకడు బజారంతా వినిపించేలా చెప్పాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. అలా నవ్వేవాడిని కాబట్టి నన్ను మంచి మనిషి అనేవాళ్లు. బజారులో మింగిన ప్రతి మాటనూ ఇంటికి తెచ్చి నా భార్య మీద కక్కేవాడినని వాళ్లకు తెలియదు. కూరలో ఉప్పు ఎక్కువైందనేవాడిని. చొక్కా గుండీ ఊడితే ఆమె సరిగా కుట్టలేదనేవాడిని, నా పొట్టకు ఆ చొక్కా సరిపోక ఊడిందని ఇద్దరికీ తెలిసినా.

షుగరు ఉంది. మోకాళ్లు మడత పడేవి కావు. పడుకుంటే ఊపిరి ఆగిపోతోందని మూతికి తగిలించుకునే గాలి మిషను ఇచ్చారు. ఆపరేషన్ మాట మొదట ఎత్తింది నా భార్యే. ఎవరెవరికి చేశారో, తర్వాత ఎలా ఉన్నారో ఆరా తీసింది. కర్నూలులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అడగవలసినవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుని వచ్చింది. మా అక్కకు ఇది గిట్టలేదు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమెను ఆళ్లగడ్డలో ఇచ్చాం, నా భార్య పుట్టిల్లు అక్కడికి రెండు వీధుల అవతల. "తిండి తగ్గించుకోమని చెప్పలేక కడుపు కోయించేదానికి పట్టుకపోతాంది" అని అక్క ఊరంతా చెప్పింది. నేను అక్క దగ్గర అక్క మాటకు తల ఊపాను. ఇంట్లో భార్య మాటకు తల ఊపాను.

కడుపులో మూడొంతులు తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా చేసి పిన్నులు కొట్టి మూస్తామని డాక్టరు చెప్పాడు. ఆ పిన్నుల చోట పుండు మానేదాకా నీళ్లలాంటివి తప్ప ఏదీ లోపలికి పోకూడదు. రెండు వారాలు అంతే. ఈ మాట ఆయన మూడుసార్లు చెప్పాడు. నా భార్య రాసుకుంది. నేను ఫోన్ చూసుకుంటున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజుకు నడిపించి ఇంటికి పంపారు. అసలు నరకం ఇంట్లో మొదలైంది. మందు సీసాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది కదా, దానితో ఒక గిన్నెడు మజ్జిగ తేట. పావుగంట ఆగాలి. ఇంకో గిన్నెడు పప్పుకట్టు. మళ్లీ పావుగంట. ఇలా పొద్దున్నుంచి పడుకునేదాకా. మధ్యలో వెనీలా వాసన వేసే పొడి కలిపిన నీళ్లు. ఆ వాసన ఇప్పటికీ నాకు శత్రువే. ఐదో రోజు నుంచి గంజి. దాన్ని ఆమె పాత నూలు పంచెలో ముక్క చింపి, రెండు మడతలు వేసి, గిన్నె మూతికి కట్టి వడగట్టేది. వడగట్టాక గుడ్డను దులిపి వెలుతురుకు పట్టి చూసేది. గోడ గడియారం కింద గిన్నె పట్టుకుని నిలబడేది. ఆమెను చూస్తే జైలు వార్డరులా ఉండేది. ఒకసారి చేత్తో ఆ గిన్నెను ఎగరగొట్టాను. గోడ మీద గంజి చార పడింది. ఆమె తుడిచి, ఇంకో గిన్నె నింపి, మళ్లీ గడియారం చూసింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నాకు ఇంకో మాట అనే అవకాశం వచ్చేది.

చూడటానికి వచ్చినవాళ్లు ఇంకో రకం. నా మంచం ముందు కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటూ, బజ్జీ చేతిలో పట్టుకుని, "ఇంక నీకు ఇవన్నీ లేవు పాపం" అని జాలి పడేవాళ్లు. వాళ్లకు పెట్టొద్దని నా భార్య అనలేదు, ఇంటికి వచ్చినవాళ్లకు పెట్టకపోతే ఎలా. కావాలనే నా ముందు పెడుతోందని నేను అనుకున్నాను. ఆ రోజుల్లో నాకు ఆకలి లేదు. ఆకలి పుట్టేది కడుపులో తీసేసిన ముక్కలోనేనట, దాన్ని కోసి పారేశారు. నాకు కావలసింది నమలడం. పళ్ల మధ్య ఏదో ఒకటి విరగాలి. ఆకలి లేని మనిషికి ఇంత ఆశ ఉంటుందని నాకు తెలియదు.

తొమ్మిదో రోజు అంగడికి పోతానన్నాను. నడవమన్నారు కదా అన్నాను. ఆమె వద్దంది. ఇంట్లోనే నడవమంది. నీ జైలులో ఎన్ని చుట్లు తిరగాలని అరిచి బయటికి వచ్చాను. సందు చివరిదాకా నా వెనకే వచ్చి, నీళ్ల సీసా చేతిలో పెట్టి వెనక్కి వెళ్లింది.

ఇక్కడ మా వృత్తి సంగతి చెప్పాలి. బియ్యం కొనేవాడు గింజను కంటితో చూస్తాడు. అమ్మేవాడు పంటితో చూస్తాడు. బస్తాకు ఇనప గొట్టం గుచ్చి లాగితే అరచేతిలోకి కొన్ని గింజలు జారతాయి. వాటిలో నాలుగు నోట్లో వేసుకుని కొరకాలి. పాత బియ్యమైతే టక్కున విరుగుతుంది. కొత్తదైతే పంటికి అతుక్కుని పిండిలా నలుగుతుంది. ముప్పై ఏళ్లుగా నా చెయ్యి నన్ను అడగకుండానే ఈ పని చేస్తోంది. దీనికి తోడు మా నాయన ఒక నియమం పెట్టాడు. అంగట్లో బియ్యం ఉమ్మకూడదు. కొరికింది మింగాల్సిందే. ఉమ్మితే లక్ష్మి ఆ గడప దాటిపోతుందని ఆయన నమ్మకం. చిన్నప్పుడు ఒకసారి ఉమ్మినందుకు, కొనేవాళ్ల ముందే చెంప మీద కొట్టాడు. అప్పటి నుంచి నేను ఒక్క గింజ ఉమ్మలేదు.

ఆ రోజు మిల్లు నుంచి కొత్త సరుకు దిగింది. గొట్టం గుచ్చాను. నాలుగు గింజలు నోట్లో పడ్డాయి. టక్కుమని విరిగిన చప్పుడు చెవుల లోపల వినిపించింది. తొమ్మిది రోజుల తర్వాత నా నోట్లో ఒక వస్తువు విరిగింది. మింగాను. మింగాక గుర్తొచ్చింది.

ఈ చోట నేను తప్పించుకోకూడదు. మొదటి నాలుగు గింజలు అలవాటు. ఆ తర్వాతివి కావు. ఏమీ కాలేదు కదా అని గంట ఆగి ఇంకో నాలుగు వేసుకున్నాను. సాయంత్రం వచ్చేటప్పుడు చొక్కా జేబులో గుప్పెడు పోసుకున్నాను. ఆమె వంటింట్లో గుడ్డ దులుపుతుంటే నేను ఇవతల గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఒక్కో గింజ నమిలేవాడిని. ఆమె వడగట్టిన గంజి తెస్తే పచ్చి బియ్యం తిన్న నోటితోనే తాగి, దీని రుచి కుడితిలా ఉందని తిట్టేవాడిని. ఇలా మూడు రోజులు.

పన్నెండో రోజు పొద్దున ఎడమ భుజంలో నొప్పి పుట్టింది. కడుపులో కాదు, భుజంలో. తర్వాత వాంతులు. ఆగకుండా, ఏమీ రాకుండా, ఒళ్లు మెలితిరిగేలా వాంతులు. మధ్యాహ్నానికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. నా భార్య డాక్టరుకు ఫోన్ చేసి, కారు పిలిపించి, కర్నూలుకు తీసుకెళ్లింది. దారి పొడవునా నా నోటి కింద గిన్నె పట్టుకుని కూర్చుంది. అక్క ఆళ్లగడ్డ నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చింది.

పై భాగంలో పిన్నుల దగ్గర చీలిందని, లోపలిది బయటికి కారుతోందని డాక్టరు చెప్పాడు. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూస్తే బియ్యపు గింజలు కనిపించాయన్నాడు. ఏమీ తినకపోయినా కొందరికి ఇలా జరుగుతుందని, అయితే అవి అడ్డం పడి వాంతులు తెప్పిస్తే ఆ ఒత్తిడికి చీలే ప్రమాదం ఎక్కువని అన్నాడు. ఆయన మాటలో మొదటి సగం వెనక కూడా నేను చాలా రోజులు దాక్కున్నాను.

నా భార్య ఒకటే అడిగింది. "అన్నం మెతుకులా సార్, పచ్చి బియ్యమా?"

డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అన్నీ నానిపోయి ఉన్నాయమ్మా, ఏదైనా ఒకటే కదా అన్నాడు. ఒకటి కాదు. పన్నెండు గంటలు నానిన పచ్చి గింజనూ, ఉడికిన మెతుకునూ వేలి కింద పెట్టి నలిపితే చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో ఇద్దరే ఉన్నాం, ఆమె, నేను. పాతికేళ్లు బియ్యం అంగడివాడితో కాపురం చేసిన మనిషి.

"ఏదైతే ఏంది? లోపలికి పోయింది నీ చేతి గంజి ఒక్కటే గదా," అంది అక్క. "రెండు పూటలు సరిగ్గా వడగట్టనీకి చేతులు రాలేదా నీకు?"

నా భార్య అక్కను దాటుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. "మీరు చెప్పండి. అంగట్లో ఏమన్నా నోట్లో ఏసుకున్యారా?"

ముక్కులో గొట్టం ఇంకా పెట్టలేదు. నేను మాట్లాడగలను. లేదు అన్నాను. అంతటితో ఆపలేదు. "గంజిలోనే మెతుకులు ఉన్నాయేమో, నేను చూసుకోల్యా" అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. డాక్టరు తిడతాడన్న భయం కొంత. ఈ వయసులో గింజలు దొంగిలించి తిన్నానని చెప్పడానికి సిగ్గు కొంత. అసలు కారణం ఇంకా హీనమైనది. పన్నెండు రోజులుగా ప్రతి విషయంలో ఆమెదే ఒప్పు, నాదే తప్పు. ఒక్కసారి ఆమెది తప్పు కావాలనిపించింది. ఆమె మొహం పాలిపోవడం చూసి, అంత నొప్పిలోనూ నాకు కొంచెం సుఖం కలిగింది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

ఐదు వారాలు అక్కడే ఉన్నాను. పక్కటెముకల కింద చిల్లు పెట్టి గొట్టం వేశారు. దాని చివర సంచి. అందులోకి పసుపుపచ్చగా, కంపు కొడుతూ ఏదో కారేది. ముక్కులోంచి పేగులోకి ఇంకో గొట్టం, తిండి దానిలోంచి. గొంతులో ఎప్పుడూ ఒక తాడు వేలాడుతున్నట్టు ఉండేది. బరువు తగ్గింది, బజారు మొత్తం అడిగినట్టే తగ్గింది. అద్దంలో చర్మం ఖాళీ గోనెసంచిలా వేలాడింది. సంచి నిండితే ఖాళీ చేయడం, గొట్టం చుట్టూ తుడిచి కట్టు మార్చడం నర్సు దగ్గర నేర్చుకుని నా భార్యే చేసింది. అది చేస్తున్నంతసేపూ, వచ్చినవాళ్ల ముందు అక్క అదే మాట చెబుతుండేది. బళ్లారిలో కాపురం ఉంటున్న మా కూతురు కూడా ఫోన్‌లో తల్లినే అడిగింది, సరిగా వడగట్టలేదా అమ్మా అని. ఆమె ఫోన్ నా చెవి దగ్గర పెట్టి బయటికి వెళ్లింది. నేను కూతురికి కూడా నిజం చెప్పలేదు. మీ అమ్మను ఏమీ అనకు, పోనీలే అన్నాను. క్షమించినవాడిలా.

పక్కటెముకల కింది గొట్టం ఉంచే ఇంటికి పంపారు. ముక్కులోది తీసేసి మళ్లీ గుక్కెడు గుక్కెడు తాగమన్నారు. అక్క మా ఇంట్లో దిగి, మొదటిరోజే వంటిల్లు పట్టుకుంది. "ఈమె చేత్తో ఇంక వానికి నీళ్లు గూడా పోయద్దు" అంది. నేను వింటున్నాను. నా భార్య నా వైపు చూసింది. నేను కళ్లు మూసుకున్నాను, నిద్ర పట్టినవాడిలా.

ఆమె లోపలికి వెళ్లి, ఉతికి ఆరేసిన ఆ పంచె ముక్క తెచ్చి నా దుప్పటి మీద పెట్టింది.

"రెండు మడతలు. దీంట్లోంచి మెతుకు ఎట్లా దిగుతుందో మీ అక్కను చూపించమనండి."

గట్టిగా కూడా అనలేదు. కట్టు మార్చే దూది, మందులు ఎక్కడున్నాయో చెప్పి, ఆళ్లగడ్డ బస్సు ఎక్కింది.

అక్కడ ఆమెకు సుఖం ఉంటుందని నేను అనుకోలేదు, అలా అనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే ఆమె కంటే ముందే ఆ మాట ఆళ్లగడ్డ చేరింది. శుక్రవారం మా వాళ్ల గుడి అమ్మవారిశాలలో ఆడవాళ్లంతా కుంకుమపూజకు కూర్చుంటారు. మా కోమట్ల ఇళ్లల్లో ఏ సంగతైనా అక్కడే తేలుతుంది. అక్క అక్కడే చెప్పింది. నా భార్య తమ్ముడి బట్టల అంగడిలో చీర చూస్తూ, ఒకావిడ నవ్వుతూ అడిగిందట, మీ బావకు గంజి ఎవరు పోస్తాండారిప్పుడు అని. నా భార్య అమ్మవారిశాలకు పోవడం మానేసింది. తమ్ముడు ఒకసారి ఫోన్ చేసి, "బావా, మా అక్క అట్లా చేసే మనిషి కాదు, నీకు తెల్సు" అన్నాడు. తెలుసు అన్నాను. ఫోన్ పెట్టేశాను.

పక్కటెముకల కింది గొట్టం తీసేసేసరికి ఇంకో నెలన్నర పట్టింది. తీసిన వారానికి నేను మళ్లీ అంగట్లో కూర్చున్నాను. కొత్త సరుకు దిగింది. గొట్టం గుచ్చాను. చెయ్యి నోటి దగ్గరికి వచ్చి ఆగింది. అంత పరిచయమైన చెయ్యి ఇంకొకరి చెయ్యిలా కనిపించింది. ఎదురుగా ఉన్న ముసలాయన, సిరివెళ్ల నుంచి ఎప్పుడూ వచ్చే ఖాతాదారు, "ఏమప్పా, కొరకవా? పెండ్లాం పెట్టే మెతుకులు చాలా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాటా మీద ఎక్కించినప్పుడు నన్నే అన్నారు, నవ్వాను. ఇప్పుడు అన్నది ఆమెను. అంగడి మూసి బస్సు ఎక్కాను.

బావమరిది అంగట్లో, బట్టల తానుల మధ్య కూర్చుని చెప్పాను. పచ్చి బియ్యం సంగతి, జేబు సంగతి, మూడు రోజుల సంగతి. బావమరిది చేతిలోని మూర కొలబద్ద పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే తేలికయ్యేది. నా భార్య లోపలి గది గుమ్మంలో నిలబడి అంతా వింది.

"నాకు తెల్సు," అంది. "మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు చొక్కా ఉతుకుతా జేబులో చూసినా. బియ్యం అంగడోని జేబులో గింజలుంటే ఎవురు నమ్ముతారు? మీరే చెప్తారని ఉన్నా."

మరి అప్పుడే నన్ను ఎందుకు నిలదీయలేదని అడిగాను. అడిగినా గదా, డాక్టరు ముందర, అంది. నిజమే. అడిగింది.

ఇంటికి పోదాం రమ్మన్నాను. ఆమె కదల్లేదు.

"మా తమ్మునికి చెప్తే ఏమొస్తుంది? వాడు ముందే నమ్మల్యా. మీ అక్క యాడ చెప్పిందో ఆడ చెప్పండి."

ఆ శుక్రవారం పొద్దున అమ్మవారిశాలకు వెళ్లాను. ముప్పై మంది దాకా ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. అక్క ముందు వరుసలో ఉంది. పూజ ఇంకా మొదలు కాలేదు. నేను స్తంభం దగ్గర నిలబడి చెప్పాను. నా భార్య గంజిలో మెతుకు లేదు, నేనే అంగట్లో పచ్చి బియ్యం తిన్నాను, ఆమె మీదికి నెట్టాను అన్నాను. ఒక ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "పచ్చి బియ్యమా? శెట్టివై ఉండి అంత ఆశేందప్పా" అంది. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క కుంకుమ గిన్నె పట్టుకుని లేచింది.

"నిన్ను ఎత్తుకోని పెంచినదానికి, నన్ను నలుగురిలో అబద్ధాలదాన్ని చేసినావు" అంది.

నీకు అబద్ధం చెప్పింది నేనే అక్కా అన్నాను. ఆమె వినలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. ఆమె అన్నదానిలోనూ న్యాయం ఉంది. నేను ఇచ్చిన మాటనే ఆమె మోసింది. ఇప్పుడు కొందరు ఇంకో మాట అంటున్నారని విన్నాను, పెండ్లాం బలవంతం మీద ఒప్పుకున్నాడని. అందుకే ఇది రాస్తున్నాను. బలవంతం లేదు. మూడు రోజులు, గుప్పెడు బియ్యం, ఒక వాక్యం. అన్నీ నావే.

నా భార్య పదిరోజుల తర్వాత వచ్చింది. మీ కోసం రాలేదు, నా ఇల్లు ఈడుంది కాబట్టి వచ్చినా అంది. అంగట్లో నేను ఇప్పుడూ గింజ కొరుకుతాను. కొరికి, అందరి ముందే అరచేతిలోకి ఉమ్మేస్తాను. మా నాయన ఫోటో ఎదురుగానే ఉంటుంది.

ఇప్పుడు నేను అన్నం తినవచ్చు. చిన్న గిన్నెడు, మెత్తగా. వంట ఆమే చేస్తుంది. పప్పు వేస్తుంది, కూర వేస్తుంది, చారు పోస్తుంది. అన్నం గిన్నె మాత్రం గరిటెతో సహా నా ముందు పెట్టి పక్కకు జరుగుతుంది. వచ్చిన మొదటిరోజు కంచం ముందుకు జరిపి చాలాసేపు కూర్చున్నాను. ఆమె గోడ వైపు చూస్తూ నిలబడింది. పప్పు చల్లారిపోయింది. చివరికి గరిటె నేనే అందుకున్నాను. ఏడు నెలలుగా నేనే వడ్డించుకుంటున్నాను.